నాయన మొక్కు, నా జుకినీ తాళింపు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు, ఒక లేత కూరగాయతో నేను మా నాయన మొక్కు చెడగొట్టాను. కల్లు పోయించి కాదు, కోడిని కోసిపెట్టి కాదు, కూరగాయతో! ఇలాంటి ఘనత మా వంశంలో ఇంతవరకూ ఎవరూ సాధించలేదు. ఇకముందు కూడా ఎవరికీ పట్టకూడదని ఆ దేవుణ్ణి వేడుకుంటూ, జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వు వచ్చినచోట మీరు నవ్వుకోండి. ఆ ఎండాకాలం నాకైతే ఒక్కసారీ రాలేదు.

మాది పులివెందుల పక్క పల్లె. తాతల నాటి నుంచీ గొర్రెలు మేపుకునే ఇల్లు, ఈ మధ్యనే కొంచెం చీనీ తోట, అదే బత్తాయి తోట, పెట్టాం. నా పేరు ఓబులేసు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో అమ్మవారి దేవర జరిగినా, ఎవరింట్లో పొట్టేలు తెగినా, "ముందు ఓబులేసును పిలవండప్పా, తర్వాత చుట్టాలను పిల్చుకుందాం" అంటారు. మాంసం వండడంలో నాకంత పేరు. ఆ పేరు నా నెత్తికి ఎంత ఎక్కిందో ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. అప్పట్లో మాత్రం పొయ్యి ముందు నిలబడితే నన్ను మించినవాడు లేడనే అనుకునేవాణ్ణి.

ఆ ఎండాకాలం మొదట్లో మా నాయనకు గుండెలో నొప్పి వచ్చింది. పొద్దుటూరు తీసుకుపోతే డాక్టరు గుండెలో స్ప్రింగు వేశాడు. ఇంటికి పంపేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "మాంసం బంద్. నూనె తగ్గించండి. తేలికైన కూరగాయలు పెట్టండి. ఖాళీ కడుపుతో మాత్రలు వేశారంటే మళ్ళీ ఇక్కడికే తెస్తారు" అన్నాడు. మాంసం సంగతి ఎలా చెప్పాలా అని నేను హడలిపోతుంటే, ఆ పని నాయనే తేల్చేశాడు. ఆస్పత్రి మంచం మీదనే చేతులెత్తి మొక్కుకున్నాడు.

"గండి ఆంజనేయసామీ, నన్ను లేపి నిలబెడితివా, శ్రావణంలో వేంపల్లె నుంచి నీ గుడి దాకా నడిచొస్తా. అంతవరకు నీసు ముట్టను."

నీసు అంటే మాంసం. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ మాంసం ముక్క లేనిదే ముద్ద దిగని మనిషి ఆ మాట అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చిన తర్వాత తెలిసింది అసలు కష్టం ఎక్కడుందో. మాంసమైతే మానేశాడు గానీ కూరాకు, అంటే కూరగాయల కూర, మొదలుపెట్టలేదు.

"నాయనా, బీరకాయ చేసింది సరోజ. రోంత తిను."

"కూరాకు తినేదానికి దొడ్లో గొర్రెలు ఉండాయి గదరా. వాటికి పెట్టు."

సరోజ నా భార్య. సొరకాయ వండింది, పొట్లకాయ వండింది, దోసకాయ పప్పు ఎనిపింది. మామగారు దేన్నీ ముట్టుకోలేదు. సంగటి ముద్దలో సగం చిదిమి మజ్జిగలో పిసుక్కుని తాగేవాడు, మిగిలింది కుక్కకు వేసేవాడు. నెల తిరక్కుండానే గొంతు దగ్గర ఎముకలు తేలాయి. బాత్‌రూముకు పోవాలన్నా గోడ పట్టుకునేవాడు. ఈ మనిషి శ్రావణంలో వేంపల్లె నుంచి గండికి నడుస్తాడా? అసలు శ్రావణం దాకా ఉంటాడా? ఆ భయం పగలంతా నన్ను పట్టుకునే ఉండేది.

అలాంటి సమయంలో సరోజ వాళ్ళమ్మకు కంటి ఆపరేషను. జమ్మలమడుగు పోక తప్పదు. బస్సెక్కేముందు పదిసార్లు వెనక్కి తిరిగి చూసింది.

"ఏమయ్యా, నేను లేనని మామను పస్తు పెడతావేమో!"

"నేనా? ఊరందరికీ వండి పెట్టేవాణ్ణి, మా నాయనకు పెట్టలేనా?"

"నువ్వు వండేది ఆయప్ప తినగూడదు, ఆయప్ప తినాల్సింది నువ్వు వండలేవు. అదే నా భయం."

ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. సరిగ్గా ఆ మరునాడే సుబ్బారెడ్డి మామ సంచీ పట్టుకుని వచ్చాడు. మా చేను పక్కనే ఆయన షేడ్ నెట్టు కింద ఏవేవో కొత్త పంటలు పెట్టి బెంగుళూరుకు పంపిస్తుంటాడు. సంచీలోంచి పచ్చగా, నున్నగా, మూరకు తక్కువ జానకు ఎక్కువ ఉన్న కాయలు తీసి అరుగు మీద పెట్టాడు.

"ఏంది మామా ఇవి? కీరకాయలా?"

"జుకినీ అంటారప్పా. పెద్దాయనకు తేలిగ్గా ఉంటాయని తెచ్చినా. బెంగుళూరులో ఎగబడి తింటారంట."

"ఎట్ల వండాల?"

"నాకేం తెల్సప్పా, పండించేదే గానీ నేను యానాడన్నా తింటినా?"

మంచం మీద పడుకున్న మా నాయన తల ఎత్తి చూశాడు. "ఆ ఇంగ్లీషు కాయ ముందు పొట్టేలికి ఎయ్. అది తింటే అప్పుడు చూస్తాం" అన్నాడు. నేను చక్రంలా ఒక ముక్క కోసి పొట్టేలికి వేశాను. కరకర నమిలి మింగేసింది.

"తినింది నాయనా!"

"నీ చొక్కా ఏస్తే అది గూడా తింటాది. పోరా."

నాకు రోషం పొడుచుకొచ్చింది. ఈ కాయతోనే మా నాయన చేత అన్నం తినిపించి, సరోజ జమ్మలమడుగు నుంచి దిగేసరికి మీసం తిప్పాలని నిశ్చయించుకున్నాను. వెంటనే సరోజకు ఫోను చేశాను.

"జుకినీనా? అది నేను ఫోన్లో చూసినానయ్యా. శానా సులువు. చక్రాల మాదిరి కోసుకో. బాణలి బాగా కాలినంక తిరగవాత పెట్టి, ముక్కలేసి నాలుగు తిప్పులు తిప్పు. ఉప్పు చివర్న ఎయ్యి. ముక్క రోంత గట్టిగా ఉండంగానే దించెయ్యి. దాంట్లో అంతా నీళ్ళే ఉంటాయంట, ఎక్కువసేపు పెట్టినావంటే..."

"సరేలే, సరేలే, తెల్సులే."

తెలుసులే! ఎన్ని ఇళ్ళు ఆ ఒక్క మాటతో కూలాయో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఉప్పు చివర్న వేసేదేంది? ముక్క గట్టిగా ఉండగానే దించేదేంది? జబ్బు మనిషి పచ్చికాయ ఎలా నములుతాడు? అంతమందికి మాంసం వండిన నాకు ఒక కాయ ఉడకబెట్టడం ఫోన్లో నేర్పిస్తుందా? స్టీలు బాణలి పక్కన పడేశాను. ఎక్కడికి పోవడం అలవాటో నా చెయ్యి అక్కడికే పోయి ఒక మట్టిసట్టి తెచ్చింది. కడిగాను. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి వెలిగించాను.

మాంసం వండేవాడికి ఒక పద్ధతి ఉంది. ముందు ముక్కలు సట్టిలో వేసి ఉప్పు, పసుపు పట్టించి మూత పెట్టాలి. చుక్క నీళ్ళు పోయకూడదు. మాంసమే నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళలోనే ముక్క ఉడకాలి, ఆ నీళ్ళు పూర్తిగా ఇంకాలి. నీళ్ళు ఇంకకముందే సట్టి దించినవాడు వంటవాడే కాదని నేను కుర్రకారుకు ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. అదే న్యాయం జుకినీకీ వర్తింపజేశాను.

కాసేపటికి మూత తీశాను. నీళ్ళు వదిలింది. "భలే, మాటినే రకమే" అనుకుని మూత పెట్టాను. మళ్ళీ తీశాను. నీళ్ళు పెరిగాయి. ఇంకా రెండు కట్టెలు ఎగదోశాను. మళ్ళీ తీశాను. నీళ్ళు సట్టి సగానికి వచ్చాయి, ముక్కలు సగానికి తగ్గాయి. ఇలా ఎండలో చెమటలు కక్కుతూ నేను మంట పెడుతున్నకొద్దీ ఆ కాయ మూతలోంచి కన్నీళ్ళు కారుస్తూనే ఉంది. ఎంత మొండి పొట్టేలైనా ఆ మంటకు లొంగేది. చివరికి నీళ్ళు చిక్కబడ్డాయి. గంటె పెట్టి దేవాను. ముక్క లేదు. అడుగు నుంచి దేవాను. లేదు. ఒక పచ్చటి తొక్క మాత్రం గంటెకు తగిలింది.

ఆకలేసినా అడగని మా నాయన, విధి కాకపోతే మరేమిటి, ఆ రోజు అప్పుడే పిలిచాడు.

"ఒరే, పొగ అయితే వస్తాండాది. కూడు వస్తాదా?"

గబగబా నాలుగు ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ వేసి తిరగవాత పెట్టి, చెనక్కాయల పొడి చల్లాను. తాళింపు చేద్దామని మొదలుపెట్టింది పులుసయ్యింది. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి దాంట్లో పోసి పళ్ళెం ఆయన ముందు పెట్టాను. నాయన వంగి చూశాడు.

"కూరాకు యాడరా?"

"అదే నాయనా. కలిసిపోయింది."

"దేంట్లో?"

"దాంట్లోనే."

నాయన నిట్టూర్చి ఒక ముద్ద చిదిమి, అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగింది. నా ముఖంలోకి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, ఇప్పుడు పళ్ళెం ఎగిరి వాకిట్లో పడుతుందని నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఉప్పు చాల్లేదా నాయనా?"

"గమ్మునుండు."

రెండో ముద్ద తిన్నాడు. మూడోది తిన్నాడు. పళ్ళెం అంచు వేలితో తుడిచాడు. "ఇంకో ముద్ద ఎయ్యి" అన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన తర్వాత ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నేను సంగటి తెస్తానని లోపలికి పోయి, గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. మళ్ళీ ముఖం కడుక్కుని ముద్ద పట్టుకొచ్చాను.

సరోజకు ఫోనులో చెబితే నమ్మలేదు. "మామ తిన్యాడా? జుకినీ? నిజంగా?" అని అడిగి అడిగి ఆమె కూడా ఏడ్చింది. మరునాడు పొద్దున్నే నాయన నన్ను పిలిచి, "నిన్నటి మాదిరే చెయ్యి. రోంత గూడా మార్చొద్దు" అన్నాడు. నేను మార్చలేదు. అదే సట్టి, అదే మంట, అదే కన్నీళ్ళు. సరోజ వచ్చేదాకా రోజూ అదే. నాయన గోడ వదిలేసి నడవడం మొదలుపెట్టాడు. సుబ్బారెడ్డి మామతో నేను, "బెంగుళూరోళ్ళకు నీ కాయ వండేది రాదు మామా, ఒకసారి నా దగ్గరికి పంపు" అన్నానంటే నా గర్వం ఏ స్థాయికి పోయిందో ఊహించుకోండి.

సరోజ బస్సు దిగి వచ్చింది. మామను చూసి ముఖం వెలిగిపోయింది. "అబ్బ, మామకు కండ పట్టిందే!" అంటూ నేరుగా వంటింట్లోకి పోయింది. తర్వాత నన్ను పిలిచిన గొంతులో వెలుగు లేదు.

"ఏమయ్యా, ఇట్లా రా. ఈ సట్టి ఈడికి ఎట్ల వచ్చె?"

"నేనే తెచ్చినా. దాంట్లోనే వండినా. ఏం?"

"యాడ నుంచి తెస్తివి?"

"దొడ్డి గోడ మీద..."

అంతే. అప్పుడు వెలిగింది నాకు. మా ఇళ్ళలో మాంసం వండే సట్టి వేరే. అది వంటింటి గడప తొక్కదు. పని అయిపోగానే కడిగి దొడ్డి గోడ మీద బోర్లించడమే. మా అమ్మ కాలం నుంచీ ఆ సట్టిలో మాంసం తప్ప ఇంకోటి ఉడకలేదు. ఆ మట్టి ఎన్ని పొట్టేళ్ళ కొవ్వు తాగిందో, ఎన్ని తలకాయల రసం పీల్చిందో! సరోజ చెప్పినట్టు నాలుగు తిప్పులు తిప్పి దించి ఉంటే అందులోంచి ఏమీ ఊడి వచ్చేది కాదేమో. నేను గంటలకొద్దీ మంటపెట్టి, జుకినీ వదిలిన నీళ్ళలో సట్టి తాగిందంతా కక్కించి మా నాయన పళ్ళెంలో పోశాను. కూరాకు అంత రుచిగా ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమైంది. నేనూ తిన్నాను కదా, నాకేమీ తెలియలేదా అంటారేమో. నా వంట ఎప్పుడూ ఆ రుచిగానే ఉంటుంది. తెలిసేదెలా?

"అయ్యో సామీ," అంది సరోజ చెంపలు వేసుకుంటూ. "మామ మొక్కు!"

"అరవొద్దే. గమ్మునుండు. చెప్పినామంటే మళ్ళీ కూడు మానేస్తాడు."

"చెప్పకుంటే? దేవునితో ఆటలా? రేపు ఆయప్పకు ఏమన్నా అయితే ఈ ఇంట్లో ఎవురికన్నా కూడు దిగుతాదా?"

రెండు వైపులా మంటే. చెబితే తినడు, చెప్పకపోతే ఆయనకు తెలియకుండానే ఆయన మొక్కు మట్టిలో కలిసిపోయినట్టు. చివరికి సరోజే నా రెక్క పట్టుకుని మంచం దగ్గరికి లాక్కుపోయింది. నేను చెప్పాను. సట్టి గురించి చెప్పాను, దొడ్డి గోడ గురించి చెప్పాను, కాళ్ళు పట్టుకున్నాను. నాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"తప్పు నీ చేతుల మీదుగా జరిగింది" అన్నాడు చివరికి. "సామి ముందర నా మాట పోయింది. నేను గండికి నడిచేదాకా నువ్వు గూడా నీసు ముట్టగూడదు. అదే నీకు శిక్ష."

"నేనా నాయనా? మరి దేవర్లు ఉండాయే!"

"వండు. తినొద్దు. రుచి గూడా చూడొద్దు."

రుచి చూడకుండా మాంసం వండిన వంటవాడి బతుకు ఎలా ఉంటుందో మీకు ఎలా చెప్పాలి? ఆ నెలలోనే పక్క ఊళ్ళో దేవర జరిగింది. గుండిగ నిండా మాంసం ఉడుకుతుంటే నేను పక్కన నిలబడి వాసన మాత్రం పీల్చాను. ఉప్పు వేశానో లేదో గుర్తులేక మళ్ళీ వేశాను. బంతిలో కూర్చున్న పెద్దమనిషి ఒక ముక్క కొరికి, "ఓబులేసూ, ఇది పొట్టేలా, సముద్రంలో చేపనా?" అని అడిగాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. మొక్కు అని ఎలా చెప్పేది? చెబితే సట్టి కథ చెప్పాలి.

ఇంట్లో మాత్రం ఒక వింత జరిగింది. సరోజ జుకినీని తన పద్ధతిలో చేసింది. బాణలి కాల్చి, ఆవాలు, కరివేపాకు వేసి, ముక్కలు నాలుగు తిప్పులు తిప్పి, చివర్న ఉప్పు చల్లి దించింది. ముక్క ముక్కగానే ఉంది. నాయన దాన్ని ఎత్తి నలువైపులా చూసి, పక్కన కూర్చున్న నా వైపు చూశాడు. నేను నోట్లో పెట్టుకున్నాను. ఆయనా పెట్టుకున్నాడు. నేను నమిలాను, ఆయనా నమిలాడు. అలా ఎండాకాలమంతా తండ్రీకొడుకులం ఎదురెదురుగా కూర్చుని జుకినీ, బీర, సొర ఒక్కొక్కటే సాధించాం. నేను ముఖం చిట్లిస్తే ఆయన ముఖం కళకళలాడేది. పొద్దుటూరు డాక్టరు పరీక్షలు చేసి, "ఏం పెడుతున్నారండీ ఈయనకు?" అని ఆశ్చర్యపోయాడు.

శ్రావణం వచ్చింది. ఒక శనివారం తెల్లారకముందే వేంపల్లెలో బస్సు దిగి నడిచాం. నాయన ఎక్కడా నా భుజం పట్టుకోలేదు. పాపఘ్ని ఏటిలో కాళ్ళు కడుక్కుని బారులో నిలబడి గుడిలోకి పోయాం. కొండల్లో గొర్రెలను అదిలించిన గొంతు కదా, మా నాయనకు మెల్లగా మొక్కుకోవడం రాదు.

"సామీ, నా కొడుకు తెలియక చేసినాడు, వాన్ని ఇడిసిపెట్టు. నేను మాత్రం తెలిసే తింటి. మొదటి ముద్దకే తెలిసింది ఆ సట్టి వాసన. వానికి చెప్పబుద్ధి కాలే. వాడు వాకిట్లో పొగలో కూర్చోని నా కోసరం తిప్పలు పడతా ఉంటే, ఎట్ల ఇసిరికొట్టేది? అడగాల్సుంటే నన్నడుగు."

బారు మొత్తం మా వైపు తిరిగింది. పూజారి హారతి పట్టుకుని నిలబడిపోయాడు. నా కళ్ళు మసకబారాయి. ఆ వెంటనే ఇంకో విషయం తట్టింది. ఎండాకాలమంతా, ఒక్క ముక్క ముట్టకుండా, దేవరలో పరువు పోగొట్టుకుని...

బయటికి రాగానే నిలదీశాను. "నాయనా! తెలిసే తింటివా? మరి నాకెందుకు ఆ శిక్ష?"

నాయన తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, తప్పు చేసిన పిల్లవాడిలా నేల చూశాడు.

"ఒగన్నే కూర్చోని కూరాకు తినాలంటే శానా కష్టంరా. తోడుంటే తినగల్నేమో అనుకుంటి."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. అయినా ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

కాబట్టి ఆ పాపఘ్ని ఒడ్డున, తడి కాళ్ళతో, తూర్పుకు తిరిగి నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో జుకినీని నీళ్ళు ఇంకేదాకా ఉడికించను. ఇక మా నాయన నేను వండింది తిని, "ఇంకో ముద్ద ఎయ్యి" అన్నాడంటే, ముందు ఏడవను. ముందు విచారణ జరిపిస్తాను. ఆ తర్వాతే ఏడుస్తాను.